కాటా వేశాకే కొనండి

పిల్లలూ! కంప్యూటర్ తెరపై బొమ్మలు గీసే కొత్త గ్రాఫిక్స్ కార్డు వస్తోందంటే మీకు ఉబలాటం సహజమే. కాని ప్రకటనలో చెప్పే వేగాన్ని ఎలా కొలిచారో అడగండి.

2025 జనవరిలో ఎన్విడియా అధిపతి జెన్సన్ హువాంగ్, 549 డాలర్ల 5070 కార్డు 1,599 డాలర్ల 4090తో సమానమన్నారు. కృత్రిమ మేధ వల్లేనని ఆయనే చెప్పారు. ఆ మాట ఎందరి చెవికెక్కిందో! నాలుగు బొమ్మల్లో మూడింటిని అది ఊహించి మధ్యలో చేరుస్తుంది. కదలిక నునుపుగా కనిపిస్తుంది సరే, మీట నొక్కితే ఆట స్పందించే వేగం పెరగదు. మార్చిలో కార్డు అమ్మకానికి వచ్చాక, ఆ సదుపాయం ఆపి కొలిస్తే 4090 చాలా ముందుంది.

ఊహాచిత్రాలు పనికిరావని నేననను. వాటినీ వేగంలో కలిపి లెక్కించడమే నాకు నచ్చదు. మన పెదవేగిలో పామాయిల్ గెలలను కాటా వేయకుండా కొంటారా? స్వతంత్ర పరీక్షలు వచ్చేదాకా నాన్నగారిని డబ్బు అడక్కండి.