గృహవిజ్ఞానము: పెండ్లి టేపులను డి.వి.డి.లుగా మార్చుట



పెండ్లికి వీడియో తీయించు వాడుక మన దేశమున 1980 తరువాత వ్యాపించినది. నాటి నల్లని క్యాసెట్లు మార్కాపురము, గిద్దలూరు, కంభము ప్రాంతములందును ఎన్నియో యిండ్ల బీరువాల అడుగున పట్టుచీరల ప్రక్కన పడియున్నవి. వి.హెచ్.ఎస్. అను ఈ పద్ధతిని జపానుదేశపు జె.వి.సి. సంస్థ 1976లో ప్రవేశపెట్టెను. టేపులను ఆడించు యంత్రములను చివరివరకు తయారుచేసిన ఫునాయి సంస్థయు 2016 జూలైలో ఆ పనిని మానుకొనెను. కావున టేపు బాగుగనే యున్నను దానిని చూచు సాధనము నానాటికి అరుదగుచున్నది.

కొందరు తమ టేపులను స్టూడియోలలో కంప్యూటరు ఫైళ్ళుగా మార్పించుకొనియున్నారు. మంచిదే. కాని పెన్‌డ్రైవులోని ఫైలును వెదకి చూచుట పిల్లలకు సులభమైనంతగా ఇంటి పెద్దలకు సులభము కాదు. టీవీ క్రింద పాత డి.వి.డి. ప్లేయరున్న యింట, డిస్కు నుంచి ఒక్క మీట నొక్కినచో, అత్తగారు ఎవరి సాయమును లేక తమ పెండ్లిని తాము చూచుకొనగలరు. అందుచేత ఆ ఫైలును డి.వి.డి.గా మార్చు విధమును ఈ మాసము వివరించెదను.

ఫైలును డిస్కులోని కెక్కించినంత మాత్రమున అది డి.వి.డి. కానేరదు. పాత ప్లేయరు కొన్ని నియమములకు లోబడిన కూర్పునే చదువును. మన దేశపు టీవీలు అనుసరించిన పాల్ పద్ధతిలో బొమ్మ అడ్డముగా 720, నిలువుగా 576 చుక్కలతో, సెకనుకు 25 బొమ్మల చొప్పున, ఎంపెగ్-2 అను రూపమున నుండవలయును. ధ్వనికి సెకనుకు 48,000 కొలతలు. ఇవన్నియు వీడియో టీఎస్ అను ఫోల్డరులో ఒక క్రమమున నమరవలయును. ఈ పనిని డి.వి.డి. ఆథరింగు అందురు. డి.వి.డి. స్టైలర్ అను ఉచిత సాధనముతో ఇంటిలోనే చేసికొనవచ్చును. లేదా స్టూడియోవారికి అప్పగింపవచ్చును. ఎవరు చేసినను ఈ క్రింది జాగ్రత్తలు మనమే చూచుకొనవలయును.

ఒకే పొర గల డిస్కునకు 4.7 గిగాబైట్ల చోటు గలదు. అందు సుమారు రెండు గంటల బొమ్మ నాణ్యముగా పట్టును. ఇ-180 అని వ్రాసియున్న క్యాసెట్టు మూడు గంటలది. దాని నంతయు ఒకే డిస్కులో ఇరికించినచో ముఖములు గళ్ళుగళ్ళుగా చెదరును. రెండు డిస్కులుగా చేయించుటయే మేలు.

పాత టీవీ బొమ్మ నాలుగుకు మూడు నిష్పత్తిలో నుండును. వెడల్పైన నేటి తెర నిండవలెనని సాగదీసినచో సన్నని పెండ్లికూతురు లావై కనుపించును. ఇరుప్రక్కల నల్లని పట్టీలు మిగిలినను సాగదీయవలదు. మరియు టేపుబొమ్మ ఒక్కొక్కటి బేసిగీతలు, సరిగీతలు అను రెండు సగముల అల్లిక. వాని వరుస తారుమారైనచో తలంబ్రాలు పోయు చేతులు వణకుచు దువ్వెనపండ్లవలె చీలి కనుపించును. వ్రాత ముగిసిన పిమ్మట ఫైనలైజు చేయని డిస్కు ఇతర ప్లేయరులలో ఆడకపోవచ్చును. కావున డిస్కు చేతికందగనే తలంబ్రాల ఘట్టమును ఇంటి ప్లేయరులోనే ఆడించి పరీక్షింపుడు.

ఇక ముఖ్యవిషయము. ఆ నాటి పెండ్లి వీడియోలలో మంత్రములు, సన్నాయి, ముత్తైదువుల మాటలు తరచుగా సినిమాపాటల క్రింద మునిగిపోయినవి. కూర్పు చేయకమునుపటి మాస్టరు టేపు ఇంట నున్నచో దానినే మార్పింపుడు. అసలు ధ్వని అందుండును. పనికిరానివని కత్తిరింపబూనునవి యేవి? వంటపాకలోని సందడి, విస్తళ్ళ వరుస, అప్పగింతలవేళ అవ్వ వణకుకంఠమున నెత్తుకొన్న పాట. కరవుచేతను, ఉద్యోగములకొరకును హైదరాబాదునకు, బెంగుళూరునకు తరలిపోయిన కుటుంబములు మన పడమటి ప్రాంతమున తక్కువ కాదు. అక్కడ పుట్టిన బిడ్డలకు ఊరి యింటి ముంగిలియు, అవ్వ మాటతీరును ఆ టేపులోనే మిగిలియున్నవి. దేని నుంచవలయునో, దేనిని తీయవలయునో ఆ ముఖము లెరిగిన యింటి స్త్రీలే చెప్పవలయును గాని, పేర్లెరుగని పనివాడు కాదు.

మార్కాపురము పలకలకు పేరుగన్నది. పలకమీది వ్రాతవలెనే టేపుమీది బొమ్మను చెరపి మరల వ్రాయవచ్చును. క్యాసెట్టు వెన్నున గల చిన్న ప్లాస్టిక్ పలుకును విరిచినచో పొరపాటున దానిపై మరియొకటి ఎక్కదు. డి.వి.డి.-ఆర్ డిస్కు తాళపత్రమువంటిది. లేజరుకాంతి దాని రంగుపూతను ఒకమారు మార్చిన పిమ్మట చెరపి వ్రాయ వీలుకాదు. అట్లని శాశ్వతమును కాదు. ఎండయు వేడిమియు దానికి శత్రువులు. అటకమీద నుంచక, పెట్టెలో నిలువుగా నిలిపి, చల్లని చోట దాచుడు. కాగితము అంటింపక, మెత్తని మొనగల కలముతో పైభాగమున పేరు వ్రాయుడు. టేపుపై తెల్లని బూజు కనబడినచో యంత్రమున పెట్టక ముందుగా శుభ్రము చేయింపుడు.

డి.వి.డి.గా మార్చునపుడు బొమ్మను మరల కుదించుటచే కొంత నాణ్యము పోవును. కావున డిస్కు చూచుటకు, మూలమైన ఫైలు దాచుటకు అని యెంచి, ఫైలును తుడిచివేయక రెండు వేరు వేరు యిండ్లలో నుంచుడు. బ్రౌను దొర కడపలో పండితులను నియమించి తాళపత్ర గ్రంథములకు ప్రతులు వ్రాయించినందుననే మన కావ్యములు పెక్కు నిలిచినవి.

డిస్కు సిద్ధమైన నాడు పెద్దవారిని ప్రక్కన కూర్చుండబెట్టుకొని చూడుడు. నలువదవ నిమిషమున నీలిచీర గట్టినది ఎవరు, పందిటిలో పసిబిడ్డ నెత్తుకొన్నది ఎవరు అని అడిగి, నిమిషముల లెక్కతో పేర్లును వరుసలును ఒక పుస్తకమున వ్రాసికొనుడు. బొమ్మను యంత్రము చూపును గాని పేరు చెప్పదు. పేరు చెప్పగలవా రుండగనే ఈ పని ముగించుట మంచిది.