గేటు బయట మాటలు – 17: త్యాగాల జాబితాని కింద నుంచి చదవాలి



రుషికొండలో చదువుకుంటున్న తమ్ముళ్లు, చెల్లెళ్లు నన్ను ఒకే ప్రశ్న మళ్లీ మళ్లీ అడుగుతుంటారు. "అన్నా, స్టీల్ ప్లాంటే మునిగిపోతుంటే యూనియన్లు కాస్త తగ్గితే ఏం పోతుంది?" అని. ఇది వెటకారం కాదు, నిజాయితీగా అడిగే ప్రశ్నే. రుషికొండ ఊరికి ఈ చివర, కూర్మన్నపాలెం ఆ చివర. ఇక్కడ నిలబడితే సముద్రం కనబడుతుంది, ఐటీ కొండ కనబడుతుంది గానీ బ్లాస్ట్ ఫర్నేస్ కనబడదు. అందుకే ఈ భాగం మొత్తం ఆ ప్రశ్నకే.

ముందు కష్టం నిజమేనా అన్నది చూద్దాం. నిజమే. కేంద్రం చెప్పిన లెక్క ప్రకారం 2024 మార్చి 31 నాటికి ఆర్‌ఐఎన్‌ఎల్ నికర విలువ మైనస్ 4,538 కోట్లు. చేతికి త్వరగా వచ్చే ఆస్తులు 7,686 కోట్లయితే, త్వరగా తీర్చాల్సిన బాకీలు 26,114 కోట్లు. అదే ఏడాది జూన్‌లో అప్పు వాయిదాలు, వడ్డీలు కట్టలేకపోయింది. 2025 జనవరిలో 11,440 కోట్ల ప్యాకేజీ వచ్చింది కాబట్టి ఊపిరి నిలిచింది. ఇంత అప్పు కార్మికుడు చేశాడా? సొంత ఇనుప గనులు ఇవ్వకుండా ఫ్యాక్టరీ నడపమన్నది ఎవరు? అప్పులు తెచ్చి 73 లక్షల టన్నుల దాకా పెంచుకోమన్నది ఎవరు? గనులున్న కంపెనీకీ, ఖనిజం కొనుక్కునే కంపెనీకీ పందెం పెట్టి, ఓడిన కంపెనీ కార్మికుడిని సోమరి అనడం ఏం న్యాయం?

సరే, అప్పు ఎవరిదైనా ప్లాంటు మనది. నిలబెట్టుకోవాలి. మరి ఇప్పటిదాకా ఎవరు ఏమిచ్చారు? పర్మనెంట్ కార్మికుడు 2017 నుంచి రావాల్సిన వేతన సవరణ లేకుండానే పనిచేస్తున్నాడు. జీతం విడతలుగా తీసుకున్న నెలలున్నాయి. వీఆర్‌ఎస్ కాగితం మీద సంతకం పెట్టి వెళ్లిపోయినవాళ్లున్నారు. ఇవన్నీ నిజమైన త్యాగాలే, నేను చిన్నబుచ్చను. కానీ జాబితా అక్కడితో అయిపోలేదు. అట్టడుగున కాంట్రాక్టు కార్మికుడున్నాడు. అతన్ని జీతం తగ్గించుకోమని ఎవరూ అడగలేదు. దఫదఫాలుగా వేల మందిని తీసేయడానికి చూశారు, తీసేశారు. గేటు పాసు పనిచేయడం ఆగిపోతే అతని ఉద్యోగం పోయినట్టే. దానికి నోటీసూ లేదు, ప్యాకేజీ లేదు, వీడ్కోలు సభా లేదు.

ఆ గేటు బయట నిలబడ్డది ఎవరో మీకు తెలుసు. మాలపల్లెల నుంచి, మాదిగపల్లెల నుంచి, మత్స్యకారుల ఊళ్ల నుంచి వచ్చినవాళ్లు. ప్లాంటు కోసం 64 గ్రామాలు ఖాళీ అయితే ఆర్ కార్డు పట్టుకుని ఉద్యోగం కోసం ఎదురుచూసి, చివరికి తాతల పొలంలోనే కాంట్రాక్టు కూలీగా చేరినవాళ్లు.

2021 జనవరి 27న నూరు శాతం అమ్మేస్తామని కేంద్రం నిర్ణయించిన రోజున ప్రైవేటీకరణ మొదలైందని అందరం అంటాం. మనోళ్లకి అది అంతకుముందే మొదలైంది. పర్మనెంట్ పోస్టులో ఎస్సీకి 15 శాతం, ఎస్టీకి 7.5 శాతం, ఓబీసీకి 27 శాతం ఉంటుంది. అదే పనిని కాంట్రాక్టుకి ఇచ్చిన రోజున ఆ రోస్టర్ మాయమైపోతుంది. బోర్డు మీద ప్రభుత్వ సంస్థ అనే ఉంటుంది, మన వాటా మాత్రం ఉండదు.

దివాలా పేరు చెప్పి యూనియన్ల చేత సంతకాలు పెట్టించడం విశాఖతో మొదలవలేదు. ఈ విద్యలో ఆరితేరినవి విమాన కంపెనీలు. 1983లో అమెరికాలో కాంటినెంటల్ అనే కంపెనీ దివాలా కోర్టుకి వెళ్లి యూనియన్ల ఒప్పందాలను చించేసింది, జీతాలు దాదాపు సగానికి కోసింది. అదే ఏడాది అమెరికన్ ఎయిర్‌లైన్స్ ఇంకో దారి పట్టింది. ఉన్నవాళ్ల జీతం ముట్టుకోం, ఇకమీదట చేరేవాళ్లకి మాత్రం తక్కువ జీతం అంది. యూనియన్ ఒప్పుకుంది. ఒకే విమానం, ఒకే పని, పక్కపక్కనే ఇద్దరు, రెండు జీతాలు. ఆ త్యాగం చేసింది ఎవరు? సంతకం పెట్టినవాళ్లు కాదు, ఇంకా ఉద్యోగంలో చేరని పిల్లలు.

మన దేశంలో జెట్ ఎయిర్‌వేస్ ఉద్యోగులు నెలల తరబడి జీతం లేకుండా విమానాలు నడిపారు. 2019 ఏప్రిల్ 17న అవి ఆగిపోయాయి. అయిదేళ్లకి, 2024 నవంబర్‌లో, సుప్రీంకోర్టు ఆస్తులమ్మి మూసేయమంది. కాబట్టి కంపెనీ పోతే అందరం పోతామన్న మాట అబద్ధం కాదు. కానీ షరతులు రాయించుకోకుండా చేసిన త్యాగం కంపెనీని బతికించదన్నది కూడా అబద్ధం కాదు.

పోయినప్పుడు కూడా వరస ఉంటుంది. 2016 దివాలా చట్టం ప్రకారం ఆస్తులమ్మితే, కార్మికుల 24 నెలల బకాయిలు బ్యాంకులతో సమానమైన వరసలో నిలబడతాయి. పీఎఫ్, గ్రాట్యుటీలకి ఇంకా గట్టి రక్షణ ఉంది. కాంట్రాక్టు కార్మికుడు ఏ వరసలో నిలబడాలి? కాగితం మీద అతని యజమాని కాంట్రాక్టరు. అంటే కంపెనీ బతకడానికి ముందు బలయ్యేది అతనే, కంపెనీ చచ్చాక ఆ వరసలో చోటు లేనిదీ అతనికే.

యూనియన్ నాయకులతో నాకున్న వాదన ఇదే. మీ అలవెన్సు మీది, వదులుకునే హక్కు మీకుంది. పక్కవాడి గేటు పాసు మీది కాదు. వీఆర్‌ఎస్ తీసుకునే అన్న తన మిగిలిన సర్వీసును అమ్ముకోవచ్చు. ఆ పోస్టు మాత్రం అతనిది కాదు. రేపు డిప్లొమా చేసి వచ్చే ఎవరో ఒక ఎస్సీ అమ్మాయిది కావచ్చు. మనిషి వెళ్లిపోయాక ఆ పోస్టునే రద్దు చేస్తే, బేరంలో లేని మనిషి ఆస్తిని అమ్మినట్టే.

బొంబాయి బట్టల మిల్లుల్లో మంచి జీతమొచ్చే నేత విభాగంలోకి అంటరానివాళ్లను రానిచ్చేవాళ్లు కాదు. 1928 సమ్మె నాడు అంబేడ్కర్ దీన్ని సూటిగా అడిగారు. అలాగని ఆయన కార్మికోద్యమానికి దూరంగా ఏమీ ఉండలేదు. 1938 నవంబర్ 7న పారిశ్రామిక వివాదాల బిల్లుకి వ్యతిరేకంగా కమ్యూనిస్టులతో కలిసి బొంబాయిలో సమ్మె చేయించారు. కలిసి నడవడం, నడుస్తూనే నిలదీయడం మనకి ఆయన నేర్పిన పద్ధతి.

అందుకని తగ్గమంటే తగ్గుదాం, షరతుల మీద. ఒకటి, ఎవరెంత ఇస్తున్నారో పై నుంచి కింద దాకా కాగితం మీద పెట్టాలి. వడ్డీ తీసుకునే బ్యాంకులు, గనులివ్వని ప్రభుత్వం కూడా ఆ కాగితంలో ఉండాలి. రెండు, ఒక్క కాంట్రాక్టు కార్మికుడిని కూడా పొదుపు పేరుతో తీసేయకూడదు. కాంట్రాక్టరు ఎగ్గొడితే జీతం అసలు యజమానే కట్టాలన్నది 1970 చట్టం నుంచీ ఉన్న సూత్రం, దాన్ని అమలు చేయాలి. మూడు, ఖాళీ అయిన ప్రతి పోస్టూ రోస్టర్‌లో బతికే ఉండాలి. నాలుగు, లాభం వచ్చిన రోజున వదులుకున్నది తిరిగి రావాలి. అయిదు, చర్చల బల్ల దగ్గర కాంట్రాక్టు కార్మికులకీ, నిర్వాసితులకీ కుర్చీ ఉండాలి.

ఈ షరతులకి యాజమాన్యం ఒప్పుకుంటుందా అంటారేమో. ముందు యూనియన్లు ఒప్పుకోవాలి. 1966 ఉద్యమంలో 32 మంది ప్రాణాలు పోయింది ఆంధ్రుల హక్కు కోసం. ఆ ఆంధ్రుల్లో గేటు బయటివాడు ఉన్నాడో లేడో తేల్చాల్సింది వాళ్లే.

రుషికొండ తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, మీకు నేను చెప్పే పని చిన్నది. ఆర్‌ఐఎన్‌ఎల్ ఇంకా ప్రభుత్వ సంస్థే, ఆర్టీఐ వర్తిస్తుంది. పది రూపాయల ఫీజు. 2021 నుంచి ఎన్ని పోస్టులు ఖాళీ అయ్యాయి, అందులో ఎస్సీ, ఎస్టీ రోస్టర్ పాయింట్లు ఎన్ని, ఎన్ని నింపారు, ఎన్ని రద్దు చేశారు? ఈ నాలుగు ప్రశ్నలు ఈ వారమే పంపండి. అమ్మేశాక అడిగితే జవాబు చెప్పాల్సిన అవసరం ఎవరికీ ఉండదు.

జై భీమ్.