నేరం గాలిదా, మనదా?

బెలూన్ కూలిన ప్రతిసారీ మనకు వినిపించే సంజాయిషీ ఒక్కటే: "అకస్మాత్తుగా గాలి వీచింది." ఈ మాటను నేను అంగీకరించను. గాలి వీచడం ప్రకృతి ధర్మం. అది వీచే సూచన ఉన్న వేళ మనుషులను బుట్టలోకి ఎక్కించడం మనిషి చేసిన నిర్ణయం.

2012 ఆగస్టు 23న స్లొవేనియా రాజధాని ల్యుబ్ల్యానా సమీపంలో 32 మందితో ఎగిరిన బెలూన్ గాలివానలో చిక్కి, నేలకూలి, మంటల్లో పడింది. ఆరుగురు మరణించారు. 2018 జనవరిలో ఈజిప్టులోని లక్సర్ వద్ద గాలికి దారితప్పిన బెలూన్ కూలి ఒకరు మరణించారు, పన్నెండు మంది గాయపడ్డారు.

వేడిగాలి బెలూన్‌కు చుక్కాని లేదు, బ్రేకు లేదు. పైలట్ దానిని పైకి లేపగలడు, కిందికి దింపగలడు. ఎటు పోవాలో గాలే నిర్ణయిస్తుంది. బుట్ట గాలితో పాటే సాగుతుంది కనుక ఎంత వేగంగా పోతున్నా లోపలివారికి గాలి తగలదు. ఆ వేగం నేలను తాకినప్పుడే తెలుస్తుంది. గంటకు 10 కిలోమీటర్ల గాలి 20 అయితే తాకిడి శక్తి నాలుగు రెట్లవుతుంది. దానిని భరించవలసినవి మీ చీలమండలు, మోకాళ్లు, వెన్నుపూసలు. ఎముకలు గుల్లబారిన వృద్ధులకు, ఇటీవల శస్త్రచికిత్స జరిగినవారికి, గర్భిణులకు ఈ విహారం తగదు.

"గాలి వస్తుందని ముందుగా తెలిసేదెలా?" అని నిర్వాహకులు ప్రశ్నిస్తారు. ఉరుముల మేఘం నుండి దిగే చల్లగాలి ఆ మేఘానికి పదుల కిలోమీటర్ల ముందే దూసుకురాగలదు. అందుకే మేఘం దూరాన ఉన్నా ఎగరరాదు. టర్కీలోని కప్పడోకియాలో ఈ నిర్ణయం బెలూన్ సంస్థలకు వదలలేదు. పౌర విమానయాన అధికారుల ఆధ్వర్యంలోని కేంద్రం ఎర్రజెండా చూపితే బెలూన్లు లేవవు. అక్కడ సైతం 2022 అక్టోబరులో బలమైన గాలిలో దిగుతూ ఇద్దరు స్పెయిన్ పర్యాటకులు మరణించారు. అంత నియంత్రణ ఉన్నచోటే ఇలా జరిగితే, టికెట్లు అమ్మినవారే వాతావరణాన్నీ తేల్చే చోట మన ప్రాణాలకు పూచీ ఎవరు? మన అరకులోనూ 2017లో బెలూన్ పండుగ జరిగింది. ఇది పరాయి దేశపు గొడవ అనుకోవడానికి వీలు లేదు.

పాఠకులారా, ఇందులో మన వంతు కూడా ఉంది. "డబ్బు కట్టాం, ఎగరవలసిందే" అని పట్టుబట్టేవారే పైలట్ చేత తప్పు చేయిస్తారు. విహారం రద్దయితే పూర్తి సొమ్ము తిరిగి ఇస్తారా అని ముందే అడగండి, ఇవ్వనిచోట ఎక్కకండి. దిగేటప్పుడు ప్రయాణ దిశకు వీపు పెట్టి, మోకాళ్లు కొద్దిగా వంచి, బుట్ట లోపలి తాళ్లను గట్టిగా పట్టుకోండి. పైలట్ చెప్పేవరకు బయటికి దిగకండి. బరువు తగ్గితే బెలూన్ మళ్లీ పైకి లేస్తుంది.

గాలిని చూసి విహారం రద్దు చేసిన పైలట్‌తో వాదించకండి. నమస్కరించి ఇంటికి రండి.