యంత్రంతో చదరంగం

ఫోనులో చదరంగమాడే పిల్లలున్న ఇళ్ళలో నేను తరచు వినే మాట ఒకటుంది: “దీనికి మంచి ఎత్తులన్నీ కంఠతా వచ్చు. మొదట్లోనే పిచ్చి ఎత్తు ఒకటి వేస్తే తికమకపడుతుంది.”

పిల్లల మాట గదా అని కొట్టిపారేయడానికి వీలులేదు. 1985 నుంచీ ప్రపంచ విజేతగా వెలిగిన గారీ కాస్పరోవ్ కూడా 1997 మే నెలలో ఇంచుమించు ఈ ఉపాయాన్నే నమ్ముకొని, న్యూయార్కులో ఐ.బి.ఎం. వారి ‘డీప్ బ్లూ’ యంత్రం ముందు కూర్చున్నాడు. అంతకు ముందు ఏడాది ఫిలడెల్ఫియాలో దాని పాత రూపాన్ని 4–2తో ఓడించినవాడే.

ఉపాయంలో అర్థం లేకపోలేదు. ఆ యంత్రం సెకనుకు సుమారు 20 కోట్ల స్థితులను పరిశీలించగలదు. అయినా ఆట ఆరంభంలో లెక్క ఒక్కటే చాలదు. తెల్ల పావులవాడి మొదటి ఎత్తుకే 20 దారులున్నాయి. నల్ల పావులవాడు బదులు చెప్పేసరికి అవి 400 అవుతాయి. అందుచేత మొదటి ఎత్తుల్లో యంత్రం ఆలోచించదు, జ్ఞాపకం చేసుకుంటుంది. ఆ జ్ఞాపకం మనుషులు పెట్టినదే. జోయెల్ బెంజమిన్ అనే అమెరికన్ గ్రాండ్‌మాస్టరు, మరికొందరు ఉద్దండులు కలిసి సుమారు 4,000 స్థితులకు తగిన ఎత్తులు ఏరి కూర్చారు. అది చాలనప్పుడు చూసుకోవడానికి 7 లక్షల పాత ఆటల సారం వేరే ఉంది.

నలుగురూ నడిచిన దారిలోనే దీనికి వెలుతురు, దారి తప్పిస్తే తడుముకుంటుంది – ఇదీ కాస్పరోవ్ ఎత్తుగడ. మొదటి ఆటలో తొందరపడకుండా, పావులను మెల్లగా సర్దుకొని గెలిచాడు కూడా. రెండవది ఓడాడు. మూడవ ఆటలో మంత్రి ముందరి బంటును ఒకే ఒక్క గడి జరిపి మొదలుపెట్టాడు. అంతటివాళ్ళు సాధారణంగా అలా మొదలుపెట్టరు. ఆ ఆటా, తరువాతి రెండూ డ్రా అయినాయి.

ఇక్కడే నాకొక సందేహం. చీకట్లోకి లాగితే యంత్రం పుస్తకం మూతపడుతుంది, సరే. మరి మనిషి పుస్తకం మాత్రం తెరిచి ఉంటుందా? ఏళ్ళ తరబడి సాధన చేసిన ఆరంభాలే కాస్పరోవ్ ఆస్తి. వాటిని తనంతట తానే పక్కన పెట్టాడు. ఎదుటివాడి దీపం ఆర్పబోయి తన దీపమూ ఆర్పుకున్నట్లయింది. రెండు పుస్తకాలూ మూసుకున్నాక మిగిలేది లెక్క. ఆ లెక్కలో అవతలివాడు సెకనుకు 20 కోట్లవాడు!

మే 11న ఆరవ ఆట. అప్పటికి ఇద్దరూ సమానం. కాస్పరోవ్‌వి నల్ల పావులు. తనకు పేరు తెచ్చిన సిసిలియన్ ఆరంభాన్ని వదిలి కారో–కాన్ పట్టాడు. ఏడవ ఎత్తులో అంచు బంటును జరిపి తెల్ల గుర్రాన్ని తరిమాడు. లాభం కళ్ళకు కనబడనిదే యంత్రం గుర్రాన్ని వదులుకోదు, వెనక్కు తీస్తుంది అని అతని అంచనా. అది వెనక్కు తీయలేదు. నల్ల రాజు ముందరి బంటును కొట్టి గుర్రాన్ని బలి ఇచ్చింది. నల్ల రాజు కోట కట్టుకొనే వీలు లేక నడిబజారులో నిలబడిపోయాడు. 19వ ఎత్తుతో ఆట ముగిసింది, పందెం 3.5–2.5తో యంత్రానిదయింది.

యంత్రం అంత సాహసానికి తెగించిందా? లేదు. అది పుస్తకంలో ఉన్న ఎత్తు. గుర్రంతో బంటును కొట్టమని ఆ ఉదయమే చేర్చామని, డీప్ బ్లూ పక్షాన పనిచేసిన గ్రాండ్‌మాస్టరు మిగెల్ ఇల్యెస్కాస్ తరువాతి కాలంలో చెప్పాడు. యంత్రం స్వభావాన్ని కనిపెట్టి ఆడానన్నవాడు, దాని వెనకనున్న మనుషుల చేతిలో దెబ్బతిన్నాడన్నమాట!

ఈనాడు మన ఫోనులోని ప్రోగ్రాము ఆనాటి డీప్ బ్లూ కంటే గట్టిది. దాన్ని తికమకపెట్టి గెలుద్దామనుకోవడం దండగ. కనుక ఇంట్లో చదరంగమాడే పిల్లలకు నేను చెప్పేది ఒక్కటే. మీకు బాగా అర్థమైన ఆరంభం ఒకటి పట్టుకోండి. ఫలానా బంటు ముందుకెందుకు, ఫలానా గుర్రం బయటికెందుకు అని ఎవరడిగినా చెప్పగలగాలి. అలా ఆడి ఓడినవాడికి ఎక్కడ ఓడాడో తెలుస్తుంది. రేపు ఆ ఒక్క ఎత్తు దిద్దుకుంటాడు. పిచ్చి ఎత్తు వేసి ఓడినవాడికి ఆ లాభం కూడా ఉండదు.