ఏడ్చే తల్లికి విశ్వాసం తక్కువని ఎవరన్నారు?



ఈ పేజీలో టీకాల గురించో, షుగరు ఉన్నవారు పాదాలను ఎలా చూసుకోవాలో చదవడం మీకు అలవాటు. ఈసారి బిడ్డను పోగొట్టుకున్న ఇళ్ళ గురించి రాస్తున్నాము. ఆ ఇళ్ళు మన సంఘంలోనూ ఉన్నాయి, మా వార్డులకు వచ్చే అన్ని మతాల కుటుంబాల్లోనూ ఉన్నాయి.

మన దేశంలో ప్రతి వెయ్యి సజీవ జననాలకు ఏడాది నిండకుండా చనిపోయే పిల్లలు 2013లో 40 మంది. 2023 నాటికి ఆ సంఖ్య 25కి తగ్గింది. దేవునికి స్తోత్రము. అయితే ఆ 25 మందిలో తన బిడ్డ ఒకరైనప్పుడు, లెక్క తగ్గిందన్న మాట ఆ తల్లిని ఓదార్చదు. ఆమె చుట్టూ చేరిన మనం ఏం మాట్లాడతామన్నదే ఆమెకు ముఖ్యం.

మనం ఏం మాట్లాడుతున్నాం? పరామర్శకు వచ్చినవారి మాటలు మేము రోజూ వింటూనే ఉంటాము. “ఏడవకమ్మా, దేవుని చిత్తం.” “చిన్న వయసేగా, వచ్చే ఏడాదికి మళ్ళీ ఎత్తుకుంటావులే.” “నలుగురిలో అలా ఏడిస్తే సాక్ష్యం ఏమవుతుంది?” ఈ మాటలు అనేవారు చెడ్డవారు కారు. ఏం చెప్పాలో తెలియక అంటారు. కానీ విన్న తల్లి ఆ రోజు నుంచి దుప్పటి ముసుగేసుకుని ఏడుస్తుంది. అందుకే మా అభిప్రాయం సూటిగా చెప్తున్నాము. కన్నీళ్ళు ఆపుకోవడం విశ్వాసం కాదు. దేవుని చిత్తాన్ని అంగీకరించడమంటే మూడో రోజుకల్లా మామూలు మనిషి అయిపోవడం కాదు.

ఇలాంటి సమయంలో చాలామంది దావీదును ఉదాహరణ చూపిస్తారు. బిడ్డ జబ్బుగా ఉన్నంతకాలం ఉపవాసముండి ఏడ్చాడు, చనిపోయాడని తెలియగానే లేచి, స్నానం చేసి, ఆరాధించి, భోజనం చేశాడు, మీరూ అలాగే ఉండాలి అంటారు. రెండవ సమూయేలు 12వ అధ్యాయం మరి కొంచెం ముందుకు చదవండి. ఆ తర్వాత దావీదు తన భార్య బత్షెబను ఓదార్చాడని ఉంది. అంటే తండ్రి లేచి అన్నం తిన్నాక కూడా తల్లి ఇంకా దుఃఖంలోనే ఉంది. ఆమెను ఎవరూ గద్దించలేదు. అదే దావీదు, పెద్దవాడైన అబ్షాలోము చనిపోయినప్పుడు రాజునన్న సంగతి కూడా మరచి బిగ్గరగా ఏడ్చాడు. ఒకే మనిషి ఇద్దరు బిడ్డల కోసం రెండు రకాలుగా దుఃఖపడ్డాడు. అలాంటప్పుడు అందరికీ ఒకే కొలత పెట్టడానికి మనమెవరం?

“ఎవరో ఏదో పాపం చేసి ఉంటారు” అనేవారికి కూడా ఒక మాట. దావీదుకు ఆ సంగతి చెప్పడానికి దేవుడు నాతాను ప్రవక్తను పంపించాడు. మన వీధిలో ఆ పనికి ఎవరినీ పంపలేదు. పుట్టుగుడ్డివాణ్ణి చూసి ఎవరు చేసిన పాపమిది అని శిష్యులు అడిగితే, వాడిదీ కాదు, కన్నవాళ్ళదీ కాదని యేసు ప్రభువు చెప్పిన సంగతి యోహాను 9వ అధ్యాయంలో ఉంది.

తల్లులు మమ్మల్ని ఎక్కువగా అడిగే ప్రశ్న కూడా ఇదే. “సిస్టర్, నేనేం తప్పు చేశాను? బొప్పాయి తిన్నందుకా? గ్రహణం రోజు బయటికి వచ్చినందుకా? బిందె ఎత్తినందుకా?” అమ్మా, నెలలు నిండకుండా పుట్టడం, బరువు తక్కువగా ఉండడం, పుట్టగానే ఊపిరి అందకపోవడం, చీము పట్టే జబ్బులు, న్యుమోనియా, పుట్టుకతో వచ్చే లోపాలు, పసిపిల్లల మరణాలకు ఎక్కువగా ఇవే కారణాలు. గ్రహణానికీ దీనికీ సంబంధం లేదు. మీ బిడ్డ విషయంలో ఏం జరిగిందో డాక్టరుగారిని కూర్చోబెట్టి అడగండి. మొదటిసారి విన్నది దుఃఖంలో బుర్రకెక్కదు. రెండోసారి, మూడోసారి అడిగినా తప్పు లేదు. మళ్ళీ గర్భం ఎప్పుడు మంచిదో కూడా అప్పుడే తెలుసుకోవచ్చు.

ఇక కుటుంబాలకు మా విన్నపాలు.

మొదటిది, తల్లికి బిడ్డను చూపించండి. “చూస్తే తట్టుకోలేదు” అని దాచిపెట్టి, మగవాళ్ళు మాత్రమే తీసుకెళ్ళి పాతిపెట్టి రావడం చాలా ఇళ్ళలో ఆనవాయితీ. చూడాలా వద్దా అన్నది తల్లే చెప్పాలి. బలవంతంగా చూపించవద్దు, అడిగితే ఆపవద్దు. ఎత్తుకోవాలంటే శుభ్రమైన గుడ్డలో చుట్టి ఒడిలో పెట్టండి. అనుకున్న పేరు ఉంటే ఆ పేరుతోనే పిలవండి. భూస్థాపనకు వస్తానంటే కుర్చీ వేసి కూర్చోబెట్టండి. ఒక్క రోజే బతికిన బిడ్డకైనా కాపరిగారు ప్రార్థన చేసి మట్టి చేస్తే, ఆ బిడ్డ మన మధ్యకు వచ్చి వెళ్ళిందని సంఘం ఒప్పుకున్నట్లు. చట్టం కూడా ఒప్పుకుంటుంది. 1969 నాటి జనన మరణాల నమోదు చట్టం ప్రకారం కాసేపే బతికిన బిడ్డకు జననం, మరణం రెండూ నమోదు కావాలి. చనిపోయి పుట్టిన బిడ్డ వివరం కూడా నమోదు కావాలి. 21 రోజుల్లోపు ఆ పని చూసుకోండి.

రెండవది, తల్లి ఒంటిని మరచిపోవద్దు. కాన్పయిన మూడు నాలుగు రోజులకు పాలు పడతాయి. బిడ్డ లేదని రొమ్ములకు తెలియదు. ఆ రోజు ఆమె దుఃఖం రెట్టింపవుతుంది. గుడ్డతో బిగించి కట్టవద్దు. ఒంటికి సరిపడే బాడీ వేసుకుని, చల్లటి తడిగుడ్డ వేస్తూ, మరీ సలుపుతుంటే ఉపశమనం కలిగే మేరకే కొంచెం పిండితే చాలు. పదే పదే పిండితే పాలు ఇంకా ఊరతాయి. జ్వరం వచ్చినా, రొమ్ము ఎర్రబడి గట్టిపడినా వెంటనే ఆసుపత్రికి రావాలి. ఆమె కూడా బాలింతే. పథ్యం, విశ్రాంతి, వేడి అన్నం ఆమెకూ కావాలి.

మూడవది, తండ్రిని పలకరించండి. అతడు బిల్లులు కట్టి, పెట్టె తెప్పించి, చుట్టాలకు ఫోన్లు చేసి, నాలుగో రోజు పనికి వెళ్ళిపోతాడు. అందరూ “మీ ఆవిడ ఎలా ఉంది?” అని అడుగుతారు. “నువ్వెలా ఉన్నావయ్యా?” అని కూడా అడగండి.

నాలుగవది, ఇంట్లోని పెద్దపిల్లలకు నిజం చెప్పండి. “తమ్ముడు నిద్రపోయాడు” అంటే వాళ్ళకు నిద్రంటేనే భయం పట్టుకుంటుంది. “తమ్ముడు చనిపోయాడు, తిరిగి రాడు, నీవల్ల కాదు, మేము నీ దగ్గరే ఉంటాము” అని చిన్న మాటల్లో చెప్పండి.

విలియం కేరీగారిని మన సంఘాలు గౌరవంతో తలుచుకుంటాయి. ఆయన తెలుగు వ్యాకరణం 1814లో వచ్చింది, శ్రీరాంపూరులో తెలుగు కొత్త నిబంధన 1818లో అచ్చయింది. 1794లో బెంగాలులో ఆయన ఐదేళ్ళ కొడుకు పీటరు విరేచనాల జబ్బుతో చనిపోయాడు. కేరీగారు పనిలో నిలబడ్డారు. ఆయన భార్య డొరతిగారి మనసు చెదిరిపోయింది, 1807లో చనిపోయే వరకు కోలుకోలేదు. ఇద్దరిదీ ఒకే ఇల్లు, ఒకే బిడ్డ. ఆమెది అవిశ్వాసం అందామా? ఆ కాలంలో ఆమె జబ్బుకు వైద్యం లేదు. ఇప్పుడు ఉంది.

కాబట్టి గమనించండి. ఏడుపు, బిడ్డ ఏడుపు వినిపించినట్లు అనిపించడం, దేవుని మీద కోపం, ఇవి దుఃఖంలో మామూలే. కానీ వారాలు గడిచినా నిద్ర లేక, తిండి మానేసి, ఎవరితో మాట్లాడకుండా ఉంటే డాక్టరుకు చూపించాలి. “నేనూ బిడ్డ దగ్గరికి పోతాను” అంటే ఒంటరిగా వదలకుండా ఆ రోజే తీసుకురండి. ప్రభుత్వ టెలి-మానస్ నంబరు 14416కు పగలూ రాత్రీ ఉచితంగా ఫోను చేసి తెలుగులో మాట్లాడవచ్చు. ప్రార్థన చేయండి, మందు కూడా వాడండి. రెండూ దేవుడిచ్చినవే.

సంఘానికి ఒక మాట. మొదటి వారం ఇల్లు నిండా జనం. నెల తిరిగేసరికి ఒక్కరూ ఉండరు. స్త్రీల సమాజం వారు క్యారియరులో అన్నం పట్టుకుని రెండో నెలలో కూడా వెళ్ళండి. మొదటి క్రిస్మసు, బిడ్డ పుట్టిన తేదీ, పక్కింటి బిడ్డ ప్రతిష్ఠ జరిగే ఆదివారం, ఇవి కష్టమైన రోజులు. ఆ రోజున బిడ్డ పేరు చెప్పి “గుర్తుందమ్మా” అనండి చాలు. వాక్యం చెప్పడం రాకపోతే పక్కన కూర్చోండి.

లోతైన గాయం పైపైన మూసుకుపోతే లోపల చీము పడుతుందని డ్రెస్సింగు చేసే ప్రతి నర్సుకూ తెలుసు. అది అడుగు నుంచి మానుతూ రావాలి, ఆలస్యమవుతుంది. మనసు గాయమూ అంతే. అంగీకారం వచ్చిన తల్లి బిడ్డను మరచిపోదు. ఒక రోజు ఏడవకుండా ఆ పేరు పలుకుతుంది, మరో రోజు మళ్ళీ ఏడుస్తుంది, ఆదివారం వచ్చి వెనక బెంచీలో కూర్చుంటుంది. పాట పాడలేకపోవచ్చు. అయినా వచ్చింది కదా, అది విశ్వాసమే అని మేము నమ్ముతున్నాము. లాజరు సమాధి దగ్గర, అతణ్ణి లేపబోతున్నానని తెలిసి కూడా ప్రభువు ఏడ్చాడు. ఆయన ముందు ఏడవడానికి మన తల్లులెవరూ సిగ్గుపడనక్కరలేదు.

బిడ్డలను పోగొట్టుకున్న ప్రతి ఇంటినీ ప్రభువు ఆదరించును గాక. ఆమేన్.

— నర్సింగ్ సూపరింటెండెంట్, నర్సింగు సిబ్బంది తరఫున