బ్రన్స్‌విక్ లెక్కలు

రాష్ట్రం రావాలె. సరే, దేన్ని ఇచ్చి తెచ్చుకోవాలె? గెలుపు దగ్గర పడ్డప్పుడు ఏ ఉద్యమమూ ఈ ప్రశ్న వేసుకోదు. అమెరికాలో మెయిన్ రాష్ట్రం కోసం కొట్లాడి, దాని తొలి సెనేటర్లలో ఒకడైన జాన్ హోమ్స్ జీవితం చదివితే వేసుకోక తప్పదు.

హోమ్స్ 1773లో మసాచుసెట్స్‌లో పుట్టిండు. 1799లో మెయిన్‌కు వచ్చి వకీలుగా స్థిరపడ్డడు. అప్పటికి మెయిన్ మసాచుసెట్స్ కింద ఒక జిల్లా. రెంటికీ నడుమ న్యూహాంప్‌షైర్ అడ్డం. పెత్తనమంతా బోస్టన్‌ది. 1814లో బ్రిటిష్ సేనలు తూర్పు మెయిన్‌ను ఆక్రమిస్తే బోస్టన్ పాలకులు విడిపించే ప్రయత్నం చేయలేదు. ఆ గాయంతోనే వేర్పాటు వాదం బలపడ్డది.

అమెరికా రాజ్యాంగం ప్రకారం పాత రాష్ట్రం ఒప్పుకోనిదే దాన్నుంచి కొత్త రాష్ట్రం పుట్టదు. మన మూడో అధికరణం అట్ల కాదు, అసెంబ్లీ అభిప్రాయం అడిగితే చాలు. 2014లో తెలంగాణ వచ్చింది ఆ దారిలోనే. మెయిన్‌కు ఆ వెసులుబాటు లేదు. 1816లో మసాచుసెట్స్ ఓటింగుకు ఒప్పుకుంటూనే మెలిక పెట్టింది. వద్దనే ఓట్లు నాలుగైతే కావాలనే ఓట్లు ఐదుండాలె. సెప్టెంబర్‌లో 11,969 మంది కావాలన్నరు, 10,347 మంది వద్దన్నరు. మెజారిటీ వచ్చింది, నిష్పత్తి రాలేదు.

అప్పుడు బ్రన్స్‌విక్ సభలో హోమ్స్ కమిటీ కొత్త లెక్క తీసింది. మొత్తం ఓట్లు కాదు, ఒక్కో ఊరిలో వచ్చిన ఆధిక్యతలనే కూడాలన్నది. అట్ల కూడితే గెలిచినట్టే! మసాచుసెట్స్ శాసనసభ ఈ లెక్కను కొట్టిపారేసింది. ఉద్యమం నవ్వులపాలైంది.

తర్వాత గెలిపించింది గారడీ కాదు. విడిపోతే పాత తీర వాణిజ్య చట్టం కింద భారం పడుతదని ఓడల యజమానులు భయపడేవారు. 1819లో కాంగ్రెస్ ఆ చట్టాన్ని మార్చింది. ఆ జులైలో 17,091 మంది అవునన్నరు, 7,132 మంది కాదన్నరు. ఎదుటివాడి భయం తీరితేనే ఓటు కదిలింది.

కానీ అసలు పరీక్ష వాషింగ్టన్‌లో ఎదురైంది. 1820 మార్చి 4లోగా కాంగ్రెస్ ఆమోదించకుంటే మసాచుసెట్స్ సమ్మతి రద్దవుతుంది. సెనేట్‌లో దక్షిణాది పెద్దలు మెయిన్‌ను మిస్సోరీతో ముడిపెట్టిన్రు. మిస్సోరీలో బానిసత్వం ఉండనిస్తేనే మెయిన్‌కు రాష్ట్రం. మెయిన్ ప్రాంతపు ఏడుగురు ప్రతినిధుల్లో ఐదుగురు ఈ బేరాన్ని వ్యతిరేకించిన్రు. హోమ్స్, మార్క్ లాంగ్డన్ హిల్ సరేనన్నరు. మార్చి 15న మెయిన్ 23వ రాష్ట్రమైంది. మిస్సోరీలోని సుమారు 10 వేల మంది బానిసలు బానిసలుగానే మిగిలిన్రు. హోమ్స్ సెనేటర్ అయిండు.

ఆయన ద్రోహి అని తీర్పు చెప్పి చేతులు దులుపుకోవడం సులువు. గడువు తలమీద ఉంది, ఏండ్ల కొట్లాట వృథా అయ్యేటట్టుంది. అయినా ఒకటి మరువొద్దు. హోమ్స్ చెల్లించిన ధర ఆయనది కాదు, మెయిన్‌దీ కాదు. ఓటు లేని, గొంతు లేని మనుషులది. మన విముక్తికి ఇంకొకరి సంకెళ్లు ఖరీదు కడితే, అది కూడా బ్రన్స్‌విక్ లెక్కే.