ఆదివారం బస్సు ఒకటి వేయండి

తెలంగాణ పర్యాటక శాఖ ఉన్నతాధికారులకు,

మా వరంగల్ కాకతీయ మెగా టెక్స్‌టైల్ పార్కుకు కొరియా సంస్థ యంగ్‌వన్, దాంతోపాటు దాని కొరియన్ సిబ్బంది వచ్చారు. ఎన్‌ఐటీలో విదేశీ విద్యార్థులు చదువుతున్నారు. వీళ్లు చూసిపోయే యాత్రికులు కారు, మా ఊళ్లో కాపురం ఉండేవాళ్లు. సెలవు రోజున వీళ్లెక్కడికి వెళ్లాలి, ఏం తినాలి?

రామప్ప గుడినే తీసుకోండి. 1213 నాటిది, 2021లో యునెస్కో గుర్తింపు పొందింది. హనుమకొండ నుంచి సుమారు 70 కిలోమీటర్లు. తెలుగు బోర్డు చదవలేని మనిషి బస్సు వెతుక్కుని, జంగాలపల్లి క్రాస్ రోడ్డు దగ్గర దిగి, ఆటో బేరమాడి గుడి ఉన్న పాలంపేట చేరాలి. తిరిగొచ్చేటప్పుడు మళ్లీ అదే తిప్పలు. ఆదివారం పొద్దున బయల్దేరి రామప్ప, లక్నవరం చెరువు చూపించి సాయంత్రానికి తిరిగి తెచ్చే బస్సు వేయండి. బోర్డు ఇంగ్లిషులోనూ రాయించండి.

ఇక తిండి సంగతి. మీ హరిత హోటళ్ల మెనూలో ఏ కూరలో ఏ మాంసముందో, కారమెంతో బొమ్మలతో చూపండి. కొరియన్లు కారానికి జంకుతారనుకోకండి, కిమ్చీ తిని పెరిగినవాళ్లు. బియ్యప్పిండిలో పల్లీలు, నువ్వులు, కారం కలిపి గిన్నెకు ఒత్తి కాల్చే మా సర్వపిండి వాళ్లకు తప్పక నచ్చుతుంది. రామప్ప దగ్గర సర్వపిండి కొట్టు పెట్టుకోవడానికి స్థానిక మహిళా సంఘానికి చోటివ్వండి.

ఇట్లు,
ఓరుగల్లు వాసి